మా ఫ్లాస్కు వెళ్ళిన ఊరు

1978వ సంవత్సరం. పెద్ద తుఫాను వచ్చి పోయిన మరుసటి ఏడాది. విజయవాడలో ఏలూరు కాలవకి దగ్గరగా ఒక సందులో, పెంకుటింట్లో మా సొసైటీ ఆఫీసు ఉండేది. ముందు గదిలో ఒక టైపు మిషను, దాని మీద ఎప్పుడూ కప్పి ఉండే పాత తువాలు. నడిమి గదిలో కమిటీ వాళ్ళు కూర్చునే పొడుగు బల్ల. వెనక వసారాలో నా వంటగది. నేను అక్కడ ఆయాగా పనిచేశాను. టీ పెట్టడం, ఊడవడం, వచ్చినవాళ్ళకి మంచినీళ్ళివ్వడం, పెద్దవాళ్ళు ఊళ్ళకి వెళితే వాళ్ళ వెంట బుట్ట పట్టుకుని వెళ్ళడం, ఇదీ నా ఉద్యోగం. చదువు మూడో తరగతితో ఆగిపోయింది కాబట్టి కూడబలుక్కుని రాస్తున్నాను. విన్న మాట, చూసిన మొహం మాత్రం మర్చిపోను. ఈ ఒక్క ఊరి సంగతి మర్చిపోదామనుకున్నా కుదరలేదు.

ముందు మా సొసైటీ ఏం చేసేదో చెబుతాను. ఊళ్ళల్లో వయసు పిల్లలు, మగపిల్లలూ ఆడపిల్లలూ, ఒక పదిమంది చేరి సంఘం పెట్టుకుంటారు. రాత్రి బడి నడుపుతామంటారు. కూలి రేటు ఎంతని సర్కారు చెప్పిందో మా వాళ్ళకి చదివి వినిపిస్తామంటారు. ఇళ్ళ పట్టాల కోసం తాలూకాఫీసుకి తిరగాలంటారు. అలాంటివాళ్ళకి మా సొసైటీ చిన్న గ్రాంటు ఇచ్చేది. గ్రాంటు అంటే అప్పు కాదు. తిరిగి ఇవ్వక్కర్లేదు, అనుకున్న పని చేసి చూపిస్తే చాలు. వాళ్ళొచ్చి కమిటీ ముందు కూర్చుని చెప్పుకోవాలి. ఆ తర్వాత కమిటీవాళ్ళు ఆ ఊరు వెళ్ళి కళ్ళారా చూసి రావాలి. దాన్ని ఫీల్డ్ విజిట్ అనేవారు. అది బాగుంటే శాంక్షన్, అంటే ఇవ్వమని సంతకం.

కమిటీకి అధ్యక్షురాలు సరోజినమ్మ గారు. హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. మనిషి వెన్న. ఎవరు వచ్చినా "తిన్నావా?" అని అడిగాకే పేరు అడిగేవారు. సెక్రటరీ దేవదానం గారు. ఆయన గడియారం చూసుకోకుండా అడుగు వెయ్యరు గానీ, పేదవాళ్ళ పనంటే ఎండనీ వాననీ చూడరు. జీపు నడిపేది మస్తాను. ఈ ముగ్గురిలో ఒక్కరు కూడా చెడ్డవాళ్ళు కాదు. ఆ మాట ఇప్పుడే చెబుతున్నాను, ఎందుకంటే చివరిదాకా చదివాక మీకు వేరేగా అనిపించవచ్చు.

ఇక ఫ్లాస్కు సంగతి. తుఫాను తర్వాత మేము సముద్రం వైపు ఊళ్ళకి బియ్యం, బట్టలు పట్టుకెళ్ళాం. అక్కడ బావులన్నీ ఉప్పుకట్టి, కుళ్ళిపోయి ఉన్నాయి. ఆ నీళ్ళు తాగి మా టైపిస్టు చావు తప్పించుకుని బయటపడ్డాడు. డాక్టరు గారు మా అందరినీ నిలబెట్టి తిట్టారు. అప్పటినుంచి ఒక పద్ధతి పెట్టారు. ఊళ్ళకి వెళ్ళేటప్పుడు కాచి చల్లార్చిన నీళ్ళు ఒక పెద్ద సీసాలో, పంచదార లేని టీ ఒక ఎర్ర ఫ్లాస్కులో. పంచదార ఎందుకు లేదంటే సరోజినమ్మ గారికి చక్కెర జబ్బు. నీలం అంచు పింగాణీ కప్పులు రెండు, గుడ్డలో చుట్టి. ఇవన్నీ ఒక వెదురు బుట్టలో సర్ది నా చేతికిచ్చేవారు. వాళ్ళు ఎక్కడికి వెళితే నేను అక్కడికి. "రత్నమ్మా" అని వెనక్కి తిరిగేసరికి నా చెయ్యి మూత తిప్పుతూ ఉండాలి. తుఫాను పోయింది, బావులు బాగుపడ్డాయి, మేము వెళ్ళే ఊళ్ళు కూడా మారాయి. బుట్ట మాత్రం మారలేదు.

ఆ ఏడు ఎండలు ముదురుతున్న రోజుల్లో సువార్త వచ్చింది. పామర్రు దాటాక ఒక ఊరి పిల్ల. ఊరి పేరు రాయను, ఆ మనుషులు ఇంకా అక్కడే ఉన్నారు. ఇరవయ్యేళ్ళు ఉంటాయేమో. బట్టలు కుట్టి బతుకుతుంది. వెంట కోటి అని ఇంకో కుర్రవాడు, అసలు పేరు కోటేశ్వరరావు. ఆ పిల్లది పేట. పేట అంటే ఊరికి ఎడంగా మా వాళ్ళుండే చోటు. నేనూ కంకిపాడు దగ్గర అలాంటి పేటలోనే పుట్టాను. కోటి మటుకు ఊళ్ళో పెద్ద రైతు వెంకటప్పయ్య గారి అబ్బాయి.

కమిటీ పిలిచేదాకా అలాంటి పిల్లలందరూ నా వంటగదిలోనే కూర్చునేవారు. ఉప్మా పెట్టాను. సువార్త తినకుండా, చెప్పాల్సిన మాటలు వల్లిస్తోంది. "గౌరవనీయులైన కమిటీ వారికీ, పెద్దలకూ" అని మొదలుపెట్టగానే కోటి నోట్లో ఉప్మా పెట్టుకుని నవ్వాడు.

"ఓట్లడగటానికి వచ్చావేంటి?"

"నువ్వు తిను. నీకు ఇంట్లో ఎట్టాగూ సరిగ్గా పెట్టట్లేదుగా," అని నా వైపు తిరిగింది. "ఈయన మా సంఘంలో చేరాడని వాళ్ళ నాయన కంచం వేరుగా పెట్టిస్తున్నాడు పిన్నీ. గ్లాసు కూడా వేరే. ఇప్పుడు తెలుస్తోంది ఈయనకి."

"కంచం వేరైనా పప్పు అదేలే," అన్నాడు కోటి.

నన్ను పిన్నీ అంది. ఆఫీసుకి వచ్చేవాళ్ళు నన్ను ఆయమ్మా అనేవారు, లేకపోతే ఏమీ అనేవారు కాదు. నాకు ఆ పిల్ల అక్కడే నచ్చింది.

లోపల నేను టీ అందిస్తూ విన్నాను. వాళ్ళ ఊళ్ళో కాలవ వంతెన దగ్గర, బస్సు ఆగే చోట, సుబ్బయ్య గారి హోటలు ఉంది. హోటలంటే తాటాకు పందిరి, ఒక పొయ్యి, రెండు బల్లలు. పేటవాళ్ళకి వేరే గ్లాసులు. పందిరి రాటకి కొట్టిన చెక్క మీద బోర్లించి ఉంటాయి. మన గ్లాసు మనమే తీసుకుని చాచాలి, పైనుంచి పోస్తారు. బల్ల మీద కూర్చోకూడదు. తాగాక మనమే కడిగి మళ్ళీ చెక్క మీద బోర్లించాలి. ఆ మాటలు వింటుంటే నాకు కొత్తేమీ అనిపించలేదు. నా చిన్నప్పుడు గ్లాసు కూడా లేదు, కొబ్బరి చిప్పే. ఇదంతా తప్పని చట్టం వచ్చి చాలా ఏళ్ళయిందని దేవదానం గారు అన్నారు. కేసు పెట్టవచ్చు కదా అని అడిగారు.

"పెట్టొచ్చండి," అంది సువార్త. "కేసు పెడితే హోటలు మూసేస్తారండి. మూసిన హోటల్లో అందరం సమానమేనండి. మాకు తెరిచున్న హోటల్లో కావాలండి."

సరోజినమ్మ గారు బల్ల మీద చెయ్యి వేసి ముందుకు వంగారు. మరి గ్రాంటు దేనికి అని అడిగితే, హోటల్లో గ్లాసులన్నీ తీయించేసి, అన్నీ ఒకే రకం కొత్తవి కొనిస్తామని చెప్పింది. ఏ గ్లాసులో ఎవరు తాగారో తెలియకూడదు. దాంతోపాటు హోటలు పక్కనే సాయంత్రాలు పేపరు చదవడం, ఆ చట్టం ఏం చెబుతుందో చెప్పుకోవడం. గ్లాసులకి గ్రాంటేంటమ్మా అని దేవదానం గారు నవ్వారు. హోటలు ఆయనకి మనం గ్లాసులు కొనిపెట్టడమా అన్నారు.

"ఆయనకి కాదండీ, మాకండీ," అంది సువార్త.

సుబ్బయ్య గారిని ఒప్పించడానికి వాళ్ళు చాలా తిరిగారట. ఆయన చెడ్డవాడు కాదట, భయస్తుడు. గ్లాసులు కలిపేస్తే ఊరివాళ్ళు రావడం మానేస్తారని ఆయన భయం. చివరికి ఒక దారి చెప్పాడు. విజయవాడ నుంచి కారేసుకుని వచ్చే పెద్దవాళ్ళు తన బల్ల మీద పేటవాళ్ళ పక్కన కూర్చుని, ఆ కలిసిపోయిన గ్లాసుల్లోంచి టీ తాగాలి. అది ఊరు చూడాలి. అంత పెద్దవాళ్ళు తాగగా లేనిది మనకేంటని ఊరివాళ్ళూ తాగుతారు. తాగితే ఆ సాయంత్రమే రాట మీద చెక్క తను పీకేస్తాడు.

"అందుకని, మీరొచ్చినప్పుడు మా ఊళ్ళో టీ తాగాలండి," అంది సువార్త.

"దానికేం భాగ్యమమ్మా. తప్పకుండా తాగుతాం," అన్నారు సరోజినమ్మ గారు.

ఈ మాట బల్ల చుట్టూ ఉన్న అందరం విన్నాం. నేనూ విన్నాను, పళ్ళెం చేత్తో పట్టుకుని. ఆ ఊరు వెళ్ళే లోపల వేరే ఊళ్ళు చాలా తిరిగాం. ప్రతి ఊళ్ళోనూ మా ఊళ్ళో టీ తాగాలండి అనేవాళ్ళే, కొబ్బరిబోండాలు కొట్టేవాళ్ళే. ఆ పిల్ల మాట కూడా వాటిల్లో కలిసిపోయింది. ఎలా కలిసిందని నన్ను అడిగితే చెప్పలేను. మర్యాదకి పిలిచే పిలుపూ, ప్రాణం పెట్టి పిలిచే పిలుపూ చెవికి ఒక్కలాగే వినిపిస్తాయి.

ఆ ఊరికి ఫీల్డ్ విజిట్ వెళ్ళిన రోజు పొద్దున్నే బుట్ట సర్దాను. బందరు రోడ్డు మీద ఎండ అప్పుడే కళ్ళల్లో పొడుస్తోంది. కంకిపాడు దాటాం. ఉయ్యూరు దగ్గర చక్కెర ఫ్యాక్టరీ వాసన జీపు నిండా పట్టుకుంది. పామర్రు దాటి పక్కదారి పట్టాక కాలవగట్టు. వంతెన దగ్గరికి వచ్చేసరికి నేను బుట్ట గట్టిగా ఒళ్ళో పట్టుకున్నాను, గతుకులకి కప్పులు పగులుతాయని. నా ధ్యాస అంతా కప్పుల మీదే.

పేట చూశారు. చర్చి పాకలో పిల్లలు పాట పాడారు. సంఘం పిల్లలు ఒక్కొక్కరూ లేచి పేరు చెప్పారు. సరోజినమ్మ గారు అందరితోనూ మాట్లాడారు, ఒక ముసలమ్మ చేతులు పట్టుకుని కూర్చుండిపోయారు. మాట్లాడీ మాట్లాడీ ఆవిడ గొంతు బొంగురుపోయింది. అక్కడినుంచి అందరం నడుచుకుంటూ వంతెన దగ్గరికి వచ్చాం.

అక్కడ ఊరంతా ఉంది. పనులు మానుకుని వచ్చినట్టున్నారు. వంతెన గోడ మీద కూర్చున్నవాళ్ళు, సైకిళ్ళ మీద ఒక కాలు ఆన్చి నిలబడ్డవాళ్ళు. సుబ్బయ్య గారు ఉతికిన చొక్కా వేసుకున్నారు. బల్ల మీద కొత్త గ్లాసులు వరసగా పెట్టి ఉన్నాయి. ఆ రోజుకని సంఘం పిల్లలే చందా వేసుకుని తెచ్చుకున్నారు. రాట మీద చెక్క ఖాళీగా ఉంది. పాత గ్లాసులు ముందే తీసేశారు.

అందరికంటే నాకు ఆశ్చర్యమనిపించింది కోటి వాళ్ళ నాయన. వెంకటప్పయ్య గారు, భుజాన కండువా, బల్ల ఆ చివర కూర్చుని ఉన్నారు. కొడుకు ఎలా బతిమాలాడో, ఆయన ఎలా వచ్చారో తెలియదు. బల్లకి ఈ చివర సువార్త, సంఘం పిల్లలు. మధ్యలో సరోజినమ్మ గారూ దేవదానం గారూ. నేను ఎప్పటిలాగే వాళ్ళ వెనక పందిరి గుంజ దగ్గర బుట్ట పెట్టుకుని నిలబడ్డాను. ఎక్కడికి వెళ్ళినా నేను కూర్చోను. అది నా పని కాదు.

సుబ్బయ్య గారు టీ పోశారు. అందరి గ్లాసుల్లోనూ ఒకే గిన్నెలోంచి. సరోజినమ్మ గారు గ్లాసు చేతిలోకి తీసుకున్నారు. అది నేను చూశాను, అక్కడున్న అందరూ చూశారు. వెంకటప్పయ్య గారు కూడా తన గ్లాసు పట్టుకుని, ఆవిడ మొదలుపెడితే తానూ తాగుదామన్నట్టు చూస్తున్నారు.

ఆవిడ గ్లాసు పట్టుకునే మాట్లాడుతున్నారు. కాలవలో నీళ్ళు ఎప్పుడు వదులుతారని వెంకటప్పయ్య గారిని అడిగారు. ఆయన చెప్పారు. నాట్లు ఎప్పుడని అడిగారు. చెప్పారు. టీ ఆవిడ మొహం దగ్గరికి వెళ్ళింది. పంచదార దట్టంగా వేసినట్టున్నారు, పండగలాంటి పూట కదా అని. ఆవిడ దేవదానం గారి వైపు వంగి ఏదో గొణిగారు. తియ్యగా ఉన్నట్టుంది, నాకు పడదు, అని ఉంటారు. ఆ మాట పక్కనున్న ఆయనకి తప్ప ఎవరికీ వినిపించలేదు. గ్లాసు మెల్లగా బల్ల మీద పెట్టేశారు. గొంతు ఆరిపోయిందేమో, దగ్గారు. దగ్గి, వెనక్కి తిరిగారు.

"రత్నమ్మా."

నేను ఆలోచించలేదు. ఆలోచించానని అబద్ధం చెప్పలేను. నా చెయ్యి అప్పటికే మూత తిప్పేసింది. నీలం అంచు కప్పు గుడ్డలోంచి తీసి, ఎర్ర ఫ్లాస్కులోంచి టీ పోసి, ఊరందరి ముందు ఆవిడ చేతికిచ్చాను. దేవదానం గారు కూడా అలవాటుగా చెయ్యి చాచారు. ఆయనకీ పోశాను. ఇద్దరూ తాగారు.

పొయ్యి మీద పాలు పొంగుతున్న చప్పుడు వినిపించింది. సుబ్బయ్య గారు వాటిని దించడం మర్చిపోయారు. కోటి తన గ్లాసు ఎత్తి గడగడా తాగేశాడు, నోరు కాలి ఉంటుంది. సంఘం పిల్లలూ తాగారు. మస్తాను జీపు దగ్గరినుంచి వచ్చి ఒక గ్లాసు తీసుకుని తాగాడు, అతను ఏ ఊళ్ళో అయినా తాగుతాడు. డ్రైవరు తాగితే ఎవరు లెక్కపెడతారు?

వెంకటప్పయ్య గారు తన చేతిలో గ్లాసు చూసుకున్నారు. బల్ల మీద పెట్టేసి, కండువాతో వేళ్ళు తుడుచుకున్నారు. ఆయన మొహంలో కోపం లేదు. పెద్ద బరువు దిగిన మనిషిలా ఉన్నారు.

"జాగ్రత్తపరులురా కోటీ, మీ విజయవాడవాళ్ళు," అన్నారు. అని లేచి వెళ్ళిపోయారు. ఆయన వెనకే వంతెన గోడ మీద కూర్చున్నవాళ్ళూ లేచారు. ఎవరో నవ్వారు.

సరోజినమ్మ గారికి ఇదేమీ తెలియలేదు. ఆయన పనుండి వెళ్ళారనుకున్నారు. మంచి ఊరమ్మా, మంచి పిల్లలు, అని సువార్త తల నిమిరారు. వాళ్ళు జీపు వైపు నడుస్తుంటే నేను కప్పులు తుడిచి గుడ్డలో చుడుతున్నాను. అప్పుడు సువార్త నా దగ్గరికి వచ్చింది. బల్ల చివర ఒక గ్లాసు నిండుగా ఉండిపోయింది. పైన మీగడ కట్టి ముడతలు పడింది.

"అది నీకు పోయించాను పిన్నీ," అంది.

అంతే అంది. నేను ఇన్ని ఊళ్ళు తిరిగాను, ఎక్కడా నాకని ఎవరూ టీ పోయించలేదు. నాకొక గ్లాసు ఉంటుందని నాకే తోచలేదు. నేను అక్కడ బుట్టతో నిలబడ్డాను గానీ పేట మనిషిగా నిలబడలేదు. తీసుకుందామని చెయ్యి చాచేలోగా సుబ్బయ్య గారు మా మధ్యకి వచ్చి, నిండినవీ ఖాళీవీ చూడకుండా గ్లాసులన్నీ పళ్ళెంలోకి ఎత్తేశారు. జీపు హారను మోగింది.

దారిలో దేవదానం గారు ఈ సంఘానికి ఇవ్వవచ్చని అన్నారు. చక్కటి పిల్లలు, క్రమశిక్షణ ఉంది అన్నారు. సరోజినమ్మ గారు అవునవునని కునికిపాట్లు పడుతున్నారు. మస్తాను ముందు సీట్లోంచి, ఎవరినీ ఉద్దేశించకుండా, "టీ బాగుందండీ. చిక్కటి పాలు," అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. ఉయ్యూరు వచ్చేదాకా మింగుకుంటూ వచ్చాను. అక్కడ ఫ్యాక్టరీ చెరకు రైలు గేటు పడింది. బండి ఆగింది. ఇక ఉండలేకపోయాను.

"అమ్మగారూ, మనం ఆ టీ తాగలేదండి."

"ఏ టీ?" అన్నారావిడ. తర్వాత, "చేత్తో పట్టుకున్నానే," అన్నారు. ఆవిడ మొహం నేను చూస్తుండగానే తెల్లబోయింది. వెనక్కి తిప్పమందామా అని మెల్లగా దేవదానం గారిని అడిగారు. ఆయన గడియారం చూసుకున్నారు. సాయంత్రం విజయవాడలో ఇంకో మీటింగు ఉంది, పెద్దవాళ్ళు వస్తున్నారు. శాంక్షన్ ఇచ్చేటప్పుడు పిల్లల్ని పిలుస్తాం కదా, అప్పుడు సర్ది చెబుదాం అన్నారు. గేటు లేచింది. మస్తాను ఇంజను ఆన్ చేసి, బండి కదపకుండా అద్దంలోంచి వెనక్కి చూశాడు. ముందుకా వెనక్కా అన్నట్టు. ఎవరూ ఏమీ చెప్పలేదు. ముందుకే పోనిచ్చాడు.

తిప్పి ఉంటే సాయంత్రంలోపు ఆ వంతెన దగ్గర ఉండేవాళ్ళం. నేను ఇంకోసారి అని ఉండవచ్చు, బతిమాలి ఉండవచ్చు. అననందుకు కాదు నాకు ఎక్కువ బాధ. మేము నలుగురం ఒకే బండిలో, ఒకే సంగతి తెలిసి, ఎవరి కిటికీలోంచి వాళ్ళం చూస్తూ కూర్చున్నాం. అలా కూర్చోగలిగామే అని.

శాంక్షన్ అయింది. కబురు పంపితే సువార్త ఒక్కతే వచ్చింది. ఈసారి వంటగదిలోకి రాలేదు, ముందు గదిలోనే నిలబడింది. నేను నీళ్ళు తీసుకెళ్ళాను. తాగింది. గ్లాసు నాకు ఇచ్చేటప్పుడు చిన్నగా నవ్వింది, దాంట్లో నిష్ఠూరం వెతికాను, కనపడలేదు. కనపడి ఉంటే బాగుండేది.

గ్రాంటు వద్దని చెప్పడానికి వచ్చింది. సుబ్బయ్య గారు ఆ సాయంత్రమే పాత గ్లాసులు మళ్ళీ చెక్క మీద పెట్టారట. కోటిని వాళ్ళ నాయన ఊళ్ళో అందరి ముందూ ఆటపట్టిస్తున్నాడట, ఫ్లాస్కు సంఘం అని. ఇప్పుడు ఆ ఊళ్ళో వీళ్ళ పేరు అదే.

సరోజినమ్మ గారు లేచి వచ్చి ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకున్నారు. "నాకు చక్కెర జబ్బమ్మా. దేవుడి తోడు, అందుకే."

"అట్టాంటిదే అయ్యుంటుందని అనుకున్నానండీ. మీరు అట్టాంటి మనిషి కాదని నాకు తెలుసండీ," అంది సువార్త. "కానీ మా ఊళ్ళో కూడా ఎవరూ మా కులం వల్ల వద్దని చెప్పరండీ. ఒకాయనకి జలుబంటారు. ఒకాయనకి ఉపవాసమంటారు. ఒకాయన ఇప్పుడే ఇంటి దగ్గర తాగొచ్చానంటారు. మీదీ ఒక కారణమైందండి, అంతే."

రేపే వస్తానని, ఎన్ని గ్లాసులైనా తాగుతానని అన్నారు సరోజినమ్మ గారు.

"వద్దండీ. ఇప్పుడొచ్చి తాగితే మేము బతిమాలి తాగించామంటారండీ."

దేవదానం గారు తలొంచుకుని టైపు మిషను మీద తువాలు సర్దుతూ నిలబడ్డారు. ఇవ్వడానికి చేతిలో ఉన్నది వద్దనిపించుకుని, అడిగినది ఇవ్వలేకపోయి, మేము ముగ్గురం ఆ పిల్ల ముందు నిలబడ్డాం. మా ఆఫీసుకి వచ్చినవాళ్ళందరూ గుమ్మంలో చెప్పులు విప్పి, చేతులు కట్టుకుని మా ముందు నిలబడేవారు. ఆ రోజు ఎవరి ముందు ఎవరు నిలబడ్డారో నాకు కళ్ళకు కట్టినట్టు గుర్తుంది.

వెళ్ళేటప్పుడు ఆ పిల్ల వెంట సందు చివరిదాకా వెళ్ళాను. ఏదో ఒకటి చెప్పాలని. ఏలూరు కాలవ గట్టు దాకా నడిచాం. రిక్షా తొక్కేవాడు బస్టాండుకా అని అడిగితే వద్దని చెప్పి నడుచుకుంటూ వెళ్ళిపోయింది. "వస్తా పిన్నీ," అంది. ఇంకా పిన్నీ అనే అంది.

ఆ తర్వాత మా పద్ధతి మారింది. ఊరివాళ్ళు ఇచ్చింది తాగాలి, తాగలేకపోతే ఎందుకు తాగలేమో అందరికీ వినపడేలా చెప్పాలి అన్నారు సరోజినమ్మ గారు. బుట్ట అటక ఎక్కింది. నేను కూడా అందరితోపాటు కూర్చోవాలన్నారు. మొదట్లో నాకు కూర్చోవడం రాలేదు. నడుం బల్లకి ఆనేది కాదు. ఇదంతా మంచి మార్పే. కానీ ఆ మార్పుకి ఖర్చు ఆ వంతెన దగ్గరి పిల్లలు పెట్టుకున్నారు, ఫలం మిగతా ఊళ్ళవాళ్ళు తిన్నారు.

కోటి ఒకసారి ట్రాక్టరు సామాను కోసం ఆటోనగర్ వచ్చి, మా ఆఫీసులోకి తొంగిచూశాడు. వాడి నోటే మిగతాది విన్నాను. నాట్ల రోజుల్లో తెల్లవారకముందే కూలీలందరూ ఆ వంతెన దగ్గరే చేరతారు. సుబ్బయ్య గారికి ఏడాది మొత్తంలో అదే బేరం. ఆ రోజుల్లో పేటవాళ్ళందరూ ఆయన హోటలు మానేశారు. సువార్త వాళ్ళమ్మ కాలవగట్టున మూడు రాళ్ళు పెట్టి డేగిసాలో టీ కాసింది. ఆ చందా గ్లాసులు ఉన్నాయిగా, వాటితోనే. పేటవాళ్ళు అక్కడే తాగారు. పక్క ఊళ్ళ నుంచి వచ్చిన కూలీలకి ఎవరి గ్లాసు ఏదో పట్టలేదు, వాళ్ళూ తాగారు. కోటి రోజూ వెళ్ళి వాళ్ళ మధ్య కూర్చున్నాడు. సుబ్బయ్య గారు అటూ ఇటూ చూసి చూసి, ఒక పొద్దున తనే గట్టు దిగి వచ్చాడట.

"ఏమన్నాడో చెప్పనా ఆయమ్మా," అన్నాడు కోటి నవ్వుతూ. "ఈ గ్లాసులు ఏ కొట్లో కొన్నారమ్మాయ్, అని అడిగాడు."

నేనూ నవ్వాను. నవ్వుతుంటే ఇంకో సంగతి తట్టింది. వాళ్ళకి మేము అక్కర్లేకపోయింది. మమ్మల్ని నమ్ముకున్న రోజే వాళ్ళు వెనకబడ్డారు. మా పనిలో మేము ఎప్పుడూ వాళ్ళని పరీక్ష చేయడానికి వెళుతున్నామనుకునేవాళ్ళం. ఈ పిల్లలు పని చెయ్యగలరా, నమ్మవచ్చా అని. ఊరు మాత్రం మమ్మల్నే చూసింది. ఇచ్చే చెయ్యి ఎంత ఇచ్చిందో ఎవరూ చూడలేదు, ఏ గ్లాసు పట్టుకుందో చూశారు. ఈ ఊరు నాకు నేర్పింది అదే. అది నేర్చుకోవడానికి నాకు బడి అక్కర్లేదు, పేటలో పుట్టినదాన్ని. పుట్టి కూడా మర్చిపోయాను.

ఇంకొన్నేళ్ళకి మా పెద్దమ్మ పోతే ఆ దారిన బస్సులో వెళ్ళాను. వంతెన దగ్గర బస్సు ఆగింది. టీ తాగేవాళ్ళు తాగండి అన్నాడు కండక్టరు. దిగాలా వద్దా అని చాలాసేపు కూర్చుని, దిగాను. సుబ్బయ్య గారికి కాస్త వయసు పైబడింది. నన్ను పోల్చుకోలేదు. బుట్ట లేకపోతే నన్ను ఎవరు పోల్చుకుంటారు? రాట మీద చెక్క లేదు, మేకులు కొట్టిన గుర్తులు మాత్రం ఉన్నాయి. బల్ల మీద పొలాల నుంచి వచ్చిన మనుషులు కూర్చుని ఉన్నారు. ఎవరు ఊరో ఎవరు పేటో తెలియడం లేదు. కొంచెం జరిగి చోటిచ్చారు. కూర్చున్నాను.

టీ ఇచ్చారు. పంచదార దట్టంగానే ఉంది. తాగాను, అడుగున ఒక్క చుక్క లేకుండా.

తాగాక లేచి, గ్లాసు పట్టుకుని నీళ్ళ తొట్టి దగ్గరికి వెళ్ళి వంగాను. ఎందుకు వంగానో నాకు తెలియదు. ఆ రోజు ఫ్లాస్కు మూత తిప్పినట్టే, చెయ్యి తన పని తను చేసేసింది. వెనకనుంచి సుబ్బయ్య గారు చూశారు.

"అక్కడ పెట్టమ్మా," అన్నారు. "మేం కడుగుతాం."

ఆ మాట ఆ వంతెన దగ్గర ఎవరు సంపాదించారో నాకు తెలుసు. గ్లాసు తొట్టి గట్టు మీద పెట్టి, తలెత్తకుండా వెళ్ళి బస్సెక్కాను.